అమెరికాలో ఇంటి రక్షణకి గన్: అర్హత, తాళం, ఎంపిక, ఇన్సూరెన్స్

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మన కుటుంబాల్లో గన్ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పక్క వీధిలో దొంగలు పడ్డప్పుడో, ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లి ఇంట్లో భార్యాపిల్లలు మాత్రమే ఉన్నప్పుడో. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి వాటినే ఎంచుకుని దోచుకున్న ముఠాలకు ఇక్కడి కోర్టుల్లో శిక్షలు పడ్డాయి కూడా, కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

అయితే భయం బంగారం గురించే అయితే దానికి మందు గన్ కాదు, బ్యాంకు లాకర్. దొంగతనాల్లో ఎక్కువ భాగం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసే జరుగుతాయి, అప్పుడు మీ గన్ దేన్నీ కాపాడదు సరికదా అదే దొంగ చేతికి పోయే మొదటి వస్తువు అవుతుంది. ఇంటి రక్షణ గన్ ఉన్నది ఒకే ఒక పరిస్థితి కోసం: మీరు, మీ వాళ్లు ఇంట్లో ఉన్నారు, ఎవడో తలుపు పగలగొట్టుకుని లోపలికి వచ్చాడు, బయటికి పోయే దారి లేదు, పోలీసులు ఇంకా రాలేదు. ఆ నాలుగైదు నిమిషాలు చాలామంది జీవితంలో ఎప్పటికీ రావు. కానీ గన్ మాత్రం ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే ఆ మిగతా రోజులన్నిటి గురించీ ఆలోచించి కొనాలి, నేను ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ముందు మీ వీసా చూసుకోండి

ఇది చదివేవాళ్లలో సగం మందికి మిగతాదంతా అక్కర్లేకపోవచ్చు, ఎందుకంటే ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, ఓపీటీ, అన్నీ అందులోకే వస్తాయి. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినంత మాత్రాన ఏమీ మారదు. గ్రీన్ కార్డు వచ్చాక, లేదా సిటిజన్ అయ్యాకే మీకు మామూలు కొనుగోలుదారుడి హక్కు వస్తుంది. ఐ-485 పెండింగ్‌లో ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్) చేతికొచ్చినవాళ్లు వాట్సాప్ గ్రూపులో అడిగి నిర్ణయించుకోకండి, ఇమ్మిగ్రేషన్ చట్టమూ గన్ చట్టమూ రెండూ తెలిసిన లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చి అడగండి.

వేట లైసెన్స్ తీసుకుంటే వీసా మీద ఉన్నా కొనొచ్చని ఎవరో ఒకరు చెబుతారు. చట్టంలో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. కానీ ఆ లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నంతవరకే అది పనిచేస్తుంది, అది ఎక్స్‌పైర్ అయిన మర్నాడు మీ బీరువాలోని గన్ మీ మీద ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసుకి ఆధారం అవుతుంది. అర్హత లేని మనిషి దగ్గర గన్ దొరికితే 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గన్ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. పదిహేనేళ్లు కష్టపడి కట్టుకున్న జీవితాన్ని ఏడాదికోసారి రెన్యూ చేయాల్సిన ఒక కాగితం మీద నిలబెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, మీరూ ఆ పని చేయకండి.

‘దగ్గర ఉంచుకోవడం’ అంటే కొనడం ఒక్కటే కాదు. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా మీద వచ్చి, యూనివర్సిటీ నుంచి తీసేసిన తర్వాత కూడా దేశంలోనే ఉండిపోయిన రెహైఫ్ అనే ఆయన మీద, షూటింగ్ రేంజ్‌కి వెళ్లి గన్ పట్టుకుని కాల్చినందుకు కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తనకి అర్హత లేదన్న సంగతి ఆయనకి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది, నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లడానికి ఎన్నేళ్లు, ఎంత డబ్బు, ఎంత టెన్షన్ పట్టి ఉంటుందో ఆలోచించండి. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి వెళ్లే హెచ్-1బి కుర్రాళ్లందరూ తెలుసుకోవాల్సిన కేసు ఇది.

భార్యాభర్తల్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు వీసా మీద ఉంటే కొనేది సిటిజనే కావచ్చు, కానీ సేఫ్ కోడ్ రెండోవారికి తెలియకూడదు. తెలిస్తే వాళ్ల దగ్గరా గన్ ఉన్నట్టే అని వాదించే అవకాశం ప్రభుత్వానికి దొరుకుతుంది. ఆరు నెలలకి బి-2 మీద వచ్చే అమ్మానాన్నలకీ ఇదే వర్తిస్తుంది. ఇక అర్హత లేని భార్య కోసమో తమ్ముడి కోసమో మీ పేరు మీద కొనడం నేరుగా నేరమే. డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారం 4473లో మొదటి ప్రశ్నల్లోనే ‘నిజమైన కొనుగోలుదారు మీరేనా’ అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే ఆ సంతకమే సాక్ష్యం.

అర్హత ఉన్నవాళ్లకి కొనడం పెద్ద కష్టం కాదు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర హ్యాండ్‌గన్‌కి 21 ఏళ్లు, షాట్‌గన్‌కీ రైఫిల్‌కీ 18 ఏళ్లు నిండాలి (కొన్ని రాష్ట్రాల్లో అన్నిటికీ 21). ఫారం నింపుతారు, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ వ్యవస్థలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే నంబరు) కూడా రాయాలి. మీ పేరే ఉన్న ఇంకెవరి రికార్డో అడ్డొచ్చి ప్రతిసారీ డిలే అవుతుంటే ఎఫ్‌బీఐ దగ్గర యూపిన్ అనే ప్రత్యేక నంబరుకి అప్లై చేసుకోవచ్చు. రాష్ట్రాల తేడా మాత్రం చాలా ఉంది. టెక్సస్‌లో పర్మిట్ ఏదీ అక్కర్లేదు. ఇల్లినాయిస్‌లో గన్ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే ఫాయిడ్ కార్డు ఉండాలి. న్యూజెర్సీలో గన్ కొనేవాళ్లకిచ్చే ఐడీ కార్డు కాకుండా హ్యాండ్‌గన్‌కి విడిగా పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలో సేఫ్టీ పరీక్ష రాసి, కొన్నాక 10 రోజులు ఆగాలి.

గన్ కంటే ముందు తాళం

డబ్బు ఇంతే ఉంది అనుకుంటే ముందు సేఫ్ కొనండి, మిగిలిన దాంతో గన్ కొనండి. ఈ ఒక్క మాట వింటే చాలు, గన్ విషయంలో పెద్ద బ్రాండా చిన్న బ్రాండా అన్నది తర్వాతి సంగతి.

పిల్లలకి గన్ ఎక్కడుందో తెలియదని తల్లిదండ్రులు అనుకుంటారు. పిల్లలకి తెలుసు. పండక్కి కొన్న మిఠాయి ఏ అరలో దాచారో తెలిసిన పిల్లలకి ఇది తెలియదా? అల్మరా పై అర, మంచం కింద పెట్టె, చీరల మధ్య, వీటిలో ఏదీ దాచడం కిందికి రాదు. అమెరికాలో గన్ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. టీనేజ్ పిల్లలున్న ఇంట్లో, చదువు ఒత్తిడీ మార్కుల గొడవా ఉన్న ఇంట్లో, ఇది దొంగ కంటే దగ్గరగా ఉన్న ప్రమాదం. ఇంట్లో ఎవరైనా దిగులులో ఉన్నారని అనుమానం వచ్చినా గన్‌ని కొన్నాళ్లు ఇంట్లోంచి తీసేయండి. చాలా చోట్ల గన్ షాపులు, రేంజ్‌లు, కొన్ని పోలీస్ స్టేషన్లు తాత్కాలికంగా భద్రపరుస్తాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేస్తే రోజంతా ఎవరో ఒకరు మాట్లాడతారు.

చట్టం కూడా ఇప్పుడు తల్లిదండ్రులని వదలడం లేదు. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021లో కాల్పులు జరిపిన కుర్రాడి తల్లినీ తండ్రినీ ఇద్దరినీ 2024లో జ్యూరీలు దోషులుగా తేల్చాయి. టెక్సస్ లాంటి గన్ స్వేచ్ఛ ఉన్న రాష్ట్రంలో కూడా 17 ఏళ్ల లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే నేరమే.

సేఫ్ ఎలాంటిది? ఒక పిస్టల్‌కైతే పడకగదిలో గోడకో, మంచానికో, బరువైన ఫర్నిచర్‌కో బోల్టుతో బిగించిన చిన్న లాక్‌బాక్స్ సరిపోతుంది. బిగించడం ముఖ్యం, లేకపోతే దొంగ బాక్సుతో సహా పట్టుకుపోయి తీరిగ్గా ఇంటి దగ్గర పగలగొట్టుకుంటాడు. నా ఓటు మెకానికల్ బటన్లు ఉన్న తాళానికే, బ్యాటరీ అయిపోయే బాధ లేదు, చీకట్లో వేళ్లతో తడిమి తెరవొచ్చు. వేలిముద్ర సేఫ్‌లు చూడ్డానికి బాగుంటాయి, కానీ 2023 అక్టోబరులో ఒక కంపెనీ సుమారు 61 వేల బయోమెట్రిక్ సేఫ్‌లని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది, ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయని, ఒక పన్నెండేళ్ల బాబు చనిపోయాక. వేలిముద్రదే కొన్నా మొదటి రోజే మీ ముద్ర ఎక్కించి, తర్వాత ఇంట్లో అందరి వేళ్లూ పెట్టి చూడండి. షాట్‌గన్, రైఫిల్ అయితే పొడవాటి సేఫ్ కావాలి, దాని మీద యూఎల్ (వస్తువుల భద్రతని పరీక్షించే సంస్థ) వాళ్ల ఆర్‌ఎస్‌సీ గుర్తు ఉందో లేదో చూసుకోండి. అదీ కొనలేని పరిస్థితి అయితే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద చాలా పోలీసు శాఖలు కేబుల్ తాళం ఉచితంగా ఇస్తాయి. దొంగ దాన్ని కత్తిరించగలడు, కానీ చిన్న పిల్లాడు కత్తిరించలేడు.

ఏ గన్?

ముందు మీ ఇంటి గోడలు చూడండి. మన ఊళ్లో ఇటుక గోడ కాదు, ఇక్కడ గదికీ గదికీ మధ్య ఉన్నది చెక్క చట్రం, దానికి రెండు వైపులా అరంగుళం డ్రైవాల్. మనిషిని ఆపగల ఏ బుల్లెట్ అయినా దాన్ని దాటిపోతుంది, ఒక గోడ కాదు, రెండు మూడు గోడలు. అవతల మీ పాప పడుకుని ఉండొచ్చు, అపార్ట్‌మెంట్ అయితే పక్కింటివాళ్లు ఉంటారు. కాబట్టి గన్ కొనకముందే ఇంట్లో తిరిగి చూడండి, మీరు నిలబడే చోటు నుంచి ఏ దిక్కున కాల్చకూడదో తేల్చుకోండి. చాలా ఇళ్లలో సరైన జవాబు ఒకటే వస్తుంది: పిల్లల్ని కూడా తెచ్చుకుని అందరూ ఒకే పడకగదిలో చేరి, తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి, గన్ తలుపు వైపు పెట్టుకుని కూర్చోవడం. ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం శిక్షణ ఉన్న పోలీసులకే ప్రమాదం.

పంప్ షాట్‌గన్ (కాల్చిన ప్రతిసారీ ముందున్న పిడిని వెనక్కీ ముందుకీ లాగాల్సినది), మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 లాంటివి, ధర తక్కువ, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ దొరుకుతాయి, దెబ్బ గట్టిది. కానీ గురి పెట్టక్కర్లేదు అనేది అబద్ధం. 00 బక్‌షాట్ అనే రకం తూటాలో సాధారణంగా ఎనిమిదో తొమ్మిదో సీసపు గుళ్లుంటాయి, గదిలో ఉండే దూరంలో అవి పరుచుకునేది కొన్ని అంగుళాలే. ఇంకోటి, 12 గేజ్ భుజాన్ని బాగా తన్నుతుంది (గేజ్ అంటే గొట్టం సైజు, అంకె పెరిగేకొద్దీ గొట్టం చిన్నది). ఇంట్లో అందరూ వాడాలంటే 20 గేజ్, పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న మోడల్ చూడండి, మామూలు స్టాక్ మన ఎత్తు మనుషులకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పొడవవుతుంది. పంప్ శబ్దం వినగానే దొంగ పారిపోతాడనే కథని నమ్ముకుని మాత్రం కొనకండి.

9 ఎంఎం పిస్టల్, గ్లాక్ 19, స్మిత్ అండ్ వెస్సన్ ఎం అండ్ పీ లాంటివి, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో గన్నూ పట్టుకునే వీలిస్తాయి, చిన్న బాక్సులో పడతాయి, అందుకే పిల్లలున్న ఇంటికి నేను మొదట చెప్పేది ఇదే. ఇబ్బంది ఏమిటంటే షాట్‌గన్, పిస్టల్, రైఫిల్ మూడింటిలో గురి కుదరడం అన్నిటికంటే కష్టం దీంతోనే. స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) లాగడానికి చేతుల్లో బలం చాలనివాళ్లకి షీల్డ్ ఈజెడ్ అని తేలిగ్గా లాగగలిగేది ఉంది. మరీ చిన్న పిస్టల్ కొనకండి, అవి జేబులో పెట్టుకోవడానికి చేసినవి, ఇంట్లో ఉంచుకునేదానికి ఆ అవసరం లేదు, పైగా చిన్నదయ్యేకొద్దీ చేతిలో ఎక్కువ ఎగురుతుంది. బుల్లెట్ల విషయంలో ప్రాక్టీసుకి మామూలువి, ఇంట్లో ఉంచడానికి హాలో పాయింట్ (మొనలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి). ఎఫ్‌బీఐ కూడా కొన్నేళ్లు పెద్ద క్యాలిబర్ (బుల్లెట్ మందం) వాడి మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది.

ఏఆర్-15 రకం రైఫిల్‌తో గురి తేలిక, తన్నడం తక్కువ. దాంట్లో వాడే తేలికపాటి 5.56 సైజు బుల్లెట్లు గోడకి తగిలాక ముక్కలయ్యే అవకాశం ఎక్కువ కూడా. కానీ గదిలో దాని శబ్దం చెవులకి శాశ్వతంగా నష్టం చేస్తుంది (పిస్టలూ చేస్తుంది, ఇది ఇంకా ఎక్కువ), కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్ లాంటి చోట్ల నిషేధాలూ పరిమితులూ ఉన్నాయి. మొదటి గన్‌గా నేను చెప్పను.

ఏది కొన్నా ముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చి చూడండి, ఒక ప్రాథమిక క్లాసు చేయండి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్తూ ఉండండి. గన్‌తో పాటు చేతిలో పట్టుకునే మంచి టార్చ్ విడిగా కొనండి. గన్‌కి బిగించే లైటు ఉన్నా సరే, దాంతో ఎవరొచ్చారో చూడాలంటే గన్నే ఆ మనిషి మీద పెట్టాలి, అర్ధరాత్రి నీళ్ల కోసం లేచిన మామగారు కూడా కావచ్చు ఆ మనిషి.

ఇన్సూరెన్స్: మూడు వేర్వేరు విషయాలు

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ పొరబడతారు, హోమ్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని. గన్ పోవడం ఒకటి, గన్ వల్ల ఇంకొకరికి నష్టం జరగడం ఇంకొకటి, మీ మీద క్రిమినల్ కేసు పడడం మరొకటి. ఈ మూడూ ఒకే కాగితంలో దొరకవు.

గన్ పోవడం సంగతి. మామూలు హోమ్ పాలసీలో, రెంటర్స్ పాలసీలో కూడా, గన్‌ల దొంగతనానికి విడిగా ఒక హద్దు ఉంటుంది, చాలా పాలసీల్లో అది అన్ని గన్‌లకీ కలిపి 2,500 డాలర్లు. అగ్నిప్రమాదంలో కాలిపోతే సాధారణంగా ఈ హద్దు వర్తించదు, మిగతా సామానుతో పాటు లెక్కేస్తారు. ఒక్క 600 డాలర్ల పిస్టల్ ఉన్నవాళ్లకి హద్దు సమస్యే కాదు, డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరే భరించాల్సిన మొత్తం) సమస్య: అది 1,000 డాలర్లు ఉంటే మీకు వచ్చేది సున్నా. రెండు మూడు గన్‌లు, వాటి మీద ఆప్టిక్స్ (గురి చూసే పరికరాలు), అన్నీ కలిపి నాలుగైదు వేలు దాటితే విడిగా షెడ్యూల్ చేయించండి. అందులో ప్రతి గన్ పేరూ, సీరియల్ నంబరూ, విలువా రాస్తారు, డిడక్టిబుల్ చాలా సార్లు ఉండదు. సీరియల్ నంబర్ల ఫోటోలూ రసీదులూ ఇంట్లో కాకుండా ఈమెయిల్‌లోనో క్లౌడ్‌లోనో పెట్టుకోండి, దొంగతనం అయితే పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే.

రెండోది లయబిలిటీ, అంటే ఇంకొకరికి జరిగిన నష్టానికి మీ బాధ్యత. పొరపాటున పేలి ఎవరికైనా తగిలితే హోమ్ పాలసీలోని పర్సనల్ లయబిలిటీ సాధారణంగా పనికొస్తుంది. కానీ మీరు ఆత్మరక్షణ కోసం కాల్చారంటే అది కావాలని చేసిన పని, కావాలని చేసిన గాయానికి పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. చాలా పాలసీల్లో ఆ వాక్యం కిందే, మనుషులనో ఆస్తినో కాపాడుకోవడానికి వాడిన సహేతుకమైన బలప్రయోగానికి ఈ మినహాయింపు వర్తించదు అని ఇంకో వాక్యం ఉంటుంది. ఆ రెండో వాక్యం మీ పాలసీలో ఉందా లేదా? ఈ రాత్రే పాలసీ పీడీఎఫ్ తెరిచి ‘ఎక్స్‌పెక్టెడ్ ఆర్ ఇంటెండెడ్’ అనే మాట వెతకండి. లేకపోతే ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోన్ కాదు, జవాబు రాతలో ఉండాలి. లయబిలిటీ లక్ష డాలర్లే ఉంటే మూడు లక్షలకి పెంచుకోండి, దానికి అయ్యే అదనపు ప్రీమియం తక్కువే. పది లక్షల డాలర్ల అంబ్రెల్లా (హోమ్ పాలసీ హద్దు దాటాక పనికొచ్చే అదనపు లయబిలిటీ పాలసీ) ఉన్నవాళ్లు ఇదే ప్రశ్న ఆ కంపెనీని కూడా విడిగా అడగాలి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్నవాళ్లకి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, గన్ ఉంటే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలని ఆ నగరం 2022లో నిబంధన చేసింది, 2023 నుంచి అమల్లోకి వచ్చింది.

మూడోది, క్రిమినల్ కేసు. హోమ్ పాలసీ మీ క్రిమినల్ లాయర్ ఫీజు కట్టదు. దీనికోసమే యూఎస్‌సీసీఏ, యూఎస్ లాషీల్డ్, సీసీడబ్ల్యూ సేఫ్, ఆర్మ్‌డ్ సిటిజన్స్ లీగల్ డిఫెన్స్ నెట్‌వర్క్ లాంటివి ఉన్నాయి. ఇవన్నీ ఇన్సూరెన్స్ కాదు, కొన్ని సంస్థ సభ్యత్వాలు, కొన్ని లాయర్ సేవల ఒప్పందాలు, కొన్నిటి వెనక మాత్రం ఇన్సూరెన్స్ పాలసీ ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రం ఇలాంటి పాలసీలు చట్టవిరుద్ధమని గన్ యజమానుల సంఘం ఎన్‌ఆర్‌ఏ పేరుతో వచ్చిన క్యారీ గార్డ్ పాలసీని అమ్మిన బ్రోకర్ లాక్టన్‌కి 2018లో 70 లక్షల డాలర్ల జరిమానా వేసింది, అందుకే కొన్ని రాష్ట్రాల్లో ఇవి దొరకవు. చేరే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. లాయర్ ఫీజు మొదటి రోజు నుంచి వాళ్లే కడతారా, లేక మీరు నిర్దోషిగా బయటపడ్డాక తిరిగి ఇస్తారా? లాయర్‌ని ఎవరు ఎంచుకుంటారు? బెయిల్‌కి ఎంత ఇస్తారు? దోషి అని తేలితే ఇచ్చిందంతా తిరిగి కట్టమంటారా? భార్య కాల్చినా వర్తిస్తుందా? కుటుంబ సభ్యుల మధ్య జరిగినవి సాధారణంగా వర్తించవు, ఆ మినహాయింపు వాక్యం పూర్తిగా చదవండి. గన్‌ని ఇంట్లోనే ఉంచి బయటికి తీసుకెళ్లని కుటుంబానికి చిన్న ప్లాన్ సరిపోతుందని నా అభిప్రాయం, పెద్ద ప్లాన్లు రోజూ నడుముకి పెట్టుకుని తిరిగేవాళ్ల కోసం.

ఏ ప్లాన్ ఉన్నా చట్టం మారదు. ప్రాణానికో తీవ్రమైన గాయానికో అప్పటికప్పుడు ముప్పు ఉందని నమ్మడానికి సరైన కారణం ఉండాలి. సొంతింట్లో వెనక్కి తగ్గాల్సిన బాధ్యత దాదాపు ఎక్కడా లేదు, కానీ టీవీ పట్టుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చడం ఆత్మరక్షణ కాదు. ఏదైనా జరిగితే 911కి ఫోన్ చేయండి, అంబులెన్స్ అడగండి, పోలీసులు వచ్చేసరికి గన్ చేతిలో ఉండకూడదు, చేతులు కనపడాలి. దాడి జరిగిందని, సాక్ష్యం ఎక్కడుందో చెప్పి, మిగతాది లాయర్ ఉన్నప్పుడు చెబుతానని మర్యాదగా అనండి. మనకి వివరంగా చెప్పేస్తే అర్థం చేసుకుంటారులే అనే అలవాటు ఎక్కువ, ఆ రాత్రి ఆ అలవాటు పనికిరాదు.

ఊరు మారేటప్పుడు, ఇండియా వెళ్లేటప్పుడు

ఉద్యోగం మారి రాష్ట్రం మారితే గన్‌ని సామాన్లతో పాటు వేసుకుని వెళ్లిపోకండి. టెక్సస్‌లో మామూలుగా దొరికే 15 రౌండ్ల మ్యాగజీన్ (బుల్లెట్లు నింపి గన్‌లో పెట్టేది) న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో నేరం, అక్కడ హద్దు 10. కాలిఫోర్నియాకి వచ్చాక 60 రోజుల్లో ఉన్న గన్‌ల వివరాలు రాష్ట్రానికి ఇవ్వాలి. హోమ్ పాలసీ, ఆత్మరక్షణ ప్లాన్ రెండూ కొత్త రాష్ట్రానికి మార్చుకోవాలి.

ఇక రేంజ్‌కి వాడే బ్యాగుని ప్రయాణాలకి వాడొద్దు, ఎప్పటికీ. అడుగున జారిపోయిన ఒక్క బుల్లెట్ శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, మర్చిపోయానని నిరూపించుకునే లోపు మీ సెలవులు, రిటర్న్ టికెట్టు రెండూ పోతాయి. రేంజ్ బ్యాగు వేరుగా, కొట్టొచ్చినట్టు కనిపించే రంగులో ఉన్నది కొనుక్కుని, దాన్ని సేఫ్ పక్కనే పెట్టుకోండి.